ఎడమకాలి అబద్ధం

...అంటే ఇంకా నూట ఎనభై తొమ్మిది. హైవే మీద నడిచినవి లెక్కలోకి రావు, ఊళ్లో ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ నడిచినవే లెక్క అని మెకానిక్ ఖచ్చితంగా చెప్పాడు. కనుక నిన్న పొరపాటున ఊరి బయటికి పోయిన ఏడు కిలోమీటర్లూ తీసేస్తే, ఎనిమిది వందల్లో ఆరువందల పదకొండు అయినట్టు. పళ్లు తోముకుంటూ అద్దంలో తన ముఖం చూసుకున్నాడతను. అందులో దొంగతనం ఏమీ కనిపించలేదు. నురుగు మాత్రం కనిపించింది. తప్పు చేసినవాడి ముఖం ఇంత మామూలుగా ఉండటం అతనికి ఆశ్చర్యం కలిగించింది. ఆశ్చర్యపోగలుగుతున్నాడు కాబట్టి ఇంకా పూర్తిగా చెడిపోలేదన్న ఊరట కూడా వెంటనే కలిగింది. అతని మనసెప్పుడూ అంతే. తప్పు చేస్తుంది, పక్కనే కుర్చీ వేసుకు కూర్చుని ఆ తప్పునే తీరిగ్గా గమనిస్తుంది.

ఆ తప్పు ఇది. మూడు వారాల కిందట భార్య పరీక్షల పని మీద నాలుగు రోజులు వేరే ఊరు వెళ్లినప్పుడు, తన రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారుకి కంపెనీ ఇచ్చిన క్లచ్ పీకించి, రేసు కార్లకు వేసే రకం క్లచ్ బిగించుకున్నాడు. అంతకు ముందు సంవత్సరం సైలెన్సర్ మార్చినప్పుడు ఆమె గరిటె కింద పెట్టి మరీ చెప్పింది. "ఇదే ఆఖరు. ఇంకొక్క ముక్క మార్చారంటే ఆ రోజే కారు అమ్మేద్దాం. సరేనా?" అతను సరేనన్నాడు. ఆమె ఒక స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్. ఎదుటివాళ్ల చేత సరే అనిపించుకోవడం, ఆ సరేని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోవడం ఆమెకు ఉద్యోగ ధర్మం.

కొనేవాడు కూడా సిద్ధంగానే ఉన్నాడు. ఈ కారు యజమాని వృత్తి పళ్ల సెట్లు తయారుచేయడం. ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక చిన్న గదిలో, మైనం కరిగించుకుంటూ, పాలరాతి రంగు పిండితో దవడలు పోసుకుంటూ పొద్దస్తమానం ఒంటరిగా ఉంటాడు. అతనికి ఎక్కువ పని పంపే పళ్ల డాక్టరు కనిపించినప్పుడల్లా "ఏమండోయ్, ఆ ఎర్రపిల్లని నాకెప్పుడిస్తారు?" అంటాడు. అతను నవ్వుతాడు. భార్య నవ్వదు, ఆ ప్రశ్నని దాచుకుంటుంది.

అయినా ఎందుకు చేశాడు? ఈ ప్రశ్న అతను తనకు తాను చాలాసార్లు వేసుకున్నాడు. రోజంతా అతను చూసేది ఒక్కటే, పై దవడ కింది దవడని ఎక్కడ కలుస్తుందన్నది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ సెట్టు పనికిరాదు. పాత క్లచ్‌లో ఆ కలిసే చోటు ఎక్కడో తెలిసేది కాదు. మెత్తగా, మర్యాదగా, రోజూ కనపడే చుట్టంలా జారిపోయేది. కొత్తది అలా కాదు. పెడల్ వదులుతుంటే ఒకచోట, ఒకే ఒక్కచోట, కటుక్కున పట్టుకుంటుంది. పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది, లేదా పూర్తిగా వదిలేస్తుంది. మధ్యస్థం లేదు. మొదటి రోజు ఆ పట్టు తగిలినప్పుడు అతనికి వెన్నులో ఏదో వెలిగింది. నలభై ఏడేళ్ల జీవితంలో తనతో ఇంత నిక్కచ్చిగా ఎవరూ మాట్లాడలేదనిపించింది, భార్య తప్ప.

అయితే దానికి రెండు అవలక్షణాలున్నాయి. ఒకటి, పెడల్ బరువు. బీరువాని కాలితో గోడకి నెట్టినట్టుంటుంది. రెండోది, చప్పుడు. కారు ఆగి ఉన్నప్పుడు గేరు తీసేసి క్లచ్ మీంచి కాలెత్తితే చాలు, రేకు డబ్బాలో గుప్పెడు మేకులు పోసి ఊపినట్టు గలగల మొదలవుతుంది. కాలు మళ్లీ అదిమితే టక్కున నిశ్శబ్దం. ఇది జబ్బు కాదనీ, ఈ రకం క్లచ్‌ల స్వభావమే ఇదనీ మెకానిక్ చెప్పాడు. ఫోన్‌లో ఆ రకం కార్ల యజమానుల బృందం ఒకటుంది. అందులో వాళ్లూ అదే రాశారు. 'ఆరో గేరు' అనే ఆయన, "పట్టు అద్భుతం. మోకాలు స్వాహా" అన్నాడు. 'పాత పాపి' అనే ఆయన, "నాలుగు నెలలు వాడాను. కారు బాగుంది. నేను బాగాలేను" అన్నాడు. ఇంకొకాయన, "మా ఆవిడ ఒక్కసారి ఎక్కి మళ్లీ జన్మలో ఎక్కనంది. ఐదు నక్షత్రాలు" అని రాశాడు. ఎనిమిది వందల కిలోమీటర్లు జాగ్రత్తగా నడిపి, క్లచ్ కుదురుకున్నాక తన అనుభవం రాస్తానని అతను మాటిచ్చాడు. ముఖాలు తెలియని ఆ పదహారు మంది అతని రాత కోసం ఎదురుచూస్తున్నారు. అతని కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదటిసారి.

చప్పుడు భార్య చెవిన పడకూడదు. అందుకు ఉపాయం ఒక్కటే. ఆమె కారులో ఉన్నంతసేపూ, ఆగిన ప్రతిచోటా, క్లచ్ మీంచి కాలు తీయకూడదు. ఊళ్లో తిరిగే కిలోమీటర్లు కావాలి కాబట్టి ఇంటి పనులన్నీ నెత్తినేసుకున్నాడు. ఇంట్లో ఆరు బల్బులు మార్చాలంటే ఆరుసార్లు కొట్టుకెళ్లాడు, ఒక్కోసారి ఒక్కో బల్బు.

"మీకేమైనా పిచ్చా? ఒకేసారి తెస్తే పోలా?" అని ఆమె కసిరింది.

"చూసి కొనుక్కోవాలి కదా" అన్నాడతను. బల్బులో చూసి కొనేదేముంటుందో ఆమెకి అర్థం కాలేదు. అతనికీ కాలేదు.

ఆ ఉదయం పథకం చాలా మామూలుది. పది గంటలకి మామగారిని కళ్ల పరీక్షకి తీసుకెళ్లాలి. భార్య తన చిన్న ఆటోమేటిక్ కారులో తీసుకెళ్తుంది. అతను పనిగదికి వెళ్లే దారిలో పోస్టాఫీసు, మందుల షాపు చుట్టొచ్చి తొమ్మిది కిలోమీటర్లు సంపాదిస్తాడు. తొమ్మిదింబావుకి ఆమె కారు 'టిక్' అని ఒక చిన్న ధ్వని చేసి ఊరుకుంది. బ్యాటరీ చచ్చింది.

"పోన్లెండి, మీ కారులో పోదాం" అంది ఆమె.

"ముగ్గురమా? అందులో వెనక సీటు చేతిసంచీ పెట్టుకోడానికే!"

"నేను చేతిసంచీలా కూర్చుంటాలెండి. టైమవుతోంది."

 అతని భయం భార్య గురించి కాదు, మామగారి గురించి. ఆయన ముప్ఫై మూడేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. చెవులు బాగా మందగించాయి గానీ, ఆయన నడుం వింటుంది. సీట్లో కూర్చుంటే చాలు, ఏ నట్టు వదులైందో వెన్నుపూసకి తెలిసిపోతుంది. మూడు వారాలుగా అతను మామగారిని కారు దరిదాపులకి రానివ్వలేదు.

వెనక్కి తీయగానే కారు కప్పలా రెండు గెంతులు గెంతింది.

"అల్లుడూ," అన్నాడు మామగారు, నడుం సర్దుకుంటూ. "నీ బండి..."

"ఇంజన్ చల్లగా ఉంది మావయ్యా!" అని అరిచాడతను.

"అది కాదోయ్..."

"నాన్నా, నువ్వుండు, ఆయన్ని నడపనీ" అంది వెనకనించి భార్య. ఆమె మోకాళ్లు చెవుల దగ్గరకి వచ్చి ఉన్నాయి. పెద్దాయన మాట మింగేసి ముందుకి చూశాడు.

పెద్ద కూడలి దగ్గర ఎర్ర దీపం పడింది. కింద అంకెలు మెరిశాయి. నూట ఇరవై. అతను క్లచ్ అదిమి పట్టి కళ్లు అంకెల మీద నిలిపాడు. 'యజమాని అనుభవం, ఆరువందల పదమూడో కిలోమీటరు,' అని మనసులో రాసుకోసాగాడు. 'పెడల్ బరువుకి మొదట భయపడకండి. అలవాటవుతుంది.' తొంభై. తొడ బిగిసింది. డెబ్బై. పిక్కలో ఎవరో తీగ లాగి మీటుతున్నట్టయింది. యాభై ఐదు దగ్గర కాలు వణకడం మొదలుపెట్టింది. అతను వద్దన్నాడు. కాలు వినలేదు. మోకాలు స్టీరింగ్ కింద తగిలి, తాళాలగుత్తి గలగలలాడింది. తన శరీరంలో తన మాట వినని భాగం ఒకటి ఉందన్న విషయం అతనికి ఆ స్థితిలో కూడా ఆసక్తికరంగానే తోచింది.

"ఏమండీ! ఆ కాలేంటి అలా కొట్టుకుంటోంది?"

"ఏ కాలు?"

"ఎన్ని కాళ్లున్నాయి మీకు? ఎడమ కాలు!"

"అల్లుడూ, అది కాలు కాదు, నీ బండి..." అన్నాడు మామగారు.

"నాన్నా, కాస్సేపు ఊరుకుంటావా!" ఆమె గొంతు మారింది. వంగి, అద్దంలో అతని ముఖం చూసింది. చెమట. వెంటనే ఫోన్ తీసి అక్కకి కలిపింది. అక్క ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ప్రశ్నలు అడగటం మొదలుపెడితే ఆవిడ చేతిలో ఆరోగ్యవంతులు మిగలరు. "అక్కా, మీ మరిదిగారి కాలు వణుకుతోందే. ఊరికే కాదు, మిషను కుట్టినట్టు!"

"స్పీకర్ పెట్టు," అంది అక్క. "మరిదిగారూ, ఎన్నాళ్లనించి?"

ఇక్కడే అతను ఆలోచించాల్సింది. కానీ ఆలోచన ఎప్పుడూ అతనికి ఎక్కువే అవుతుంది గానీ వేళకి రాదు. నిజం చెబితే కారు పోతుంది. అబద్ధం చెబితే ఏం పోతుందో తెలియదు. తెలిసిన నష్టం కంటే తెలియని నష్టం చిన్నదిగా కనిపించింది.

"మూడు వారాలు, వదినా," అన్నాడు.

"మూడు వారాలా!" అంది వెనకనించి భార్య. ఆమె లోపల లక్షణాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటున్న చప్పుడు అతనికి దాదాపు వినిపించింది.

"నడకలో తేడా ఉందా?"

"ఉందే! మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ఈడుస్తున్నారు."

"ప్రవర్తనలో ఏమైనా మార్పు? అవసరం లేకుండా తిరగటం, చేసిన పనే మళ్లీ చేయటం..."

భార్య చాలా మెల్లగా అంది. "బల్బులు."

"ఏం బల్బులు?"

"ఆరు బల్బులు ఆరుసార్లు తెచ్చారక్కా. చూసి కొనాలన్నారు."

"అయ్యో, వెంటనే నరాల డాక్టరుకి చూపించు," అంది అక్క. దీపం పచ్చబడింది. కారు రెండు గెంతులు గెంతి కదిలింది. ఆ రెండు గెంతులు కూడా జబ్బు పద్దులోకే వెళ్లాయి.

వాళ్లు వెళ్లిన ఆసుపత్రిలో కళ్లు మొదటి అంతస్తులో, నరాలు మూడో అంతస్తులో చూస్తారు. నర్సులు మామగారి కళ్లలో చుక్కలు వేసి, నల్లద్దాలు పెట్టి, బల్ల మీద కూర్చోబెట్టారు. అరగంట దాకా అంతా మసక. ఆ మసకలోనే ఆయన అల్లుడి చొక్కా పట్టుకుని, "నా మాట విను, నీకేం జబ్బులేదు, నీ బండికి..." అన్నాడు. ఈలోపు భార్య అతని చేయి పట్టుకుని లిఫ్టులోకి లాక్కుపోయింది.

నరాల డాక్టరు చక్రాల స్టూలు మీద కూర్చుని, చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు. కుడి కాలు మర్యాదగా లేచింది. ఎడమ కాలు డాక్టరు కలం ఎగరగొట్టింది. డాక్టరు కనుబొమ్మలు పైకి వెళ్లాయి. టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఎడమ పిక్క రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువుంది. ఫుట్‌బాల్ ఆడతారా?"

"లేదండి. పళ్లు చేస్తాను."

"కాలితోనా?"

"చేత్తోనండి."

"నా అరచేతిని ఎడమ పాదంతో నెట్టండి. బలం పెట్టండి, పర్లేదు."

అతను నెట్టాడు. మూడు వారాలుగా ఆ కాలికి తెలిసిన పని అదొక్కటే. డాక్టరు స్టూలుతో సహా వెనక్కి దొర్లుకుంటూ పోయి, గోడకున్న వెన్నెముక బొమ్మని గుద్దుకుని ఆగాడు.  డాక్టరు అక్కడినుంచే, సంతోషం పట్టలేక, "ఇంకోసారి!" అన్నాడు. తర్వాత పక్క గదుల్లోంచి ఇద్దరు డాక్టర్లని పిలిచాడు. వాళ్లూ వరసగా దొర్లారు. అతనికి భయమూ, సిగ్గూ, వాటి కింద ఎక్కడో సన్నగా గర్వమూ కలిగాయి.

"వణుకుంటే బలం తగ్గాలి. మీకు పెరిగింది. నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు డాక్టరు, కాగితం మీద చకచకా రాస్తూ. "రేపు ఉదయం పరీక్షలన్నీ చేద్దాం. తేలేదాకా డ్రైవింగ్ మాత్రం వద్దు. మూడు నెలలు పట్టొచ్చు."

కారు దక్కించుకోవడానికి ఆడిన అబద్ధం కారునే పట్టుకుపోయిందని అతనికి లిఫ్టులో అర్థమైంది. ఆ అమరిక ఎంత పొందికగా ఉందంటే, తను చేసిన పళ్ల సెట్టు కూడా ఏనాడూ అంత బాగా కుదరలేదు.

"ఇప్పుడు ఇంటికెలా?" అంది భార్య. ఆమెకి గేర్ల కారు రాదు. మామగారికి లోకం మసకగా ఉంది. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి ఫోన్ తీసింది. ఎవరికి చేస్తోందో తెలిసేలోపే మాట్లాడేసింది. "డాక్టరుగారూ, మీ క్లినిక్ ఈ పక్క వీధేగా? ఒక్క సాయం చేయాలి. మా కారు మా ఇంటిదాకా నడిపిపెట్టాలి. ఆయన ఇంక నడపకూడదట. అవునండి, ఆ కారే. మీరు అడుగుతుండేవారుగా, నడిపి చూసినట్టూ ఉంటుంది."

పళ్ల డాక్టరు ఏడు నిమిషాల్లో వచ్చాడు. క్లినిక్‌లో ఎవరిచేతైనా నోరు తెరిపించి అలాగే వచ్చేశాడేమోనని అతనికి అనుమానం వచ్చింది. తాళాలు తీసుకుంటుంటే పళ్ల డాక్టరు చేతులు పుట్టినరోజు పిల్లాడి చేతుల్లా ఉన్నాయి. కింది అంతస్తు పార్కింగ్‌లో భార్యాభర్తలూ, నల్లద్దాల మామగారూ ఒక స్తంభం పక్కన నిలబడ్డారు. కారు పైకి, వీధిలోకి వచ్చాక ఎలాగో ఇరుక్కుందామని భార్య అంది.

మొదటి గెంతుకి పళ్ల డాక్టరు తల సీటుకి కొట్టుకుంది. రెండో గెంతుకి ఇంజన్ ఆగిపోయింది. "ఓహో!" అన్నాడాయన కిటికీలోంచి. మూడోసారి కారు ముందుకి దూకి, పైకి వెళ్లే ఏటవాలు మీద సగం దాకా ఎక్కి, అక్కడ చచ్చింది. వెనక ఒక కారొచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. హారన్లు మొదలయ్యాయి. కాపలావాడు ఈల ఊదాడు. పళ్ల డాక్టరు మళ్లీ స్టార్ట్ చేశాడు, ఈసారి ఆగిపోకూడదని పంతం పట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్ సగం తొక్కి సగం వదిలి అలాగే పట్టుకున్నాడు. ఇంజన్ గావుకేక పెట్టింది. కారు కదల్లేదు. కింద నుంచి సన్నగా, నీలంగా పొగ లేచింది.

ఆ వాసన అతనికి తెలుసు. పనిగదిలో మైనం మాడితే వచ్చే వాసనకి పెద్దన్నలాంటిది. 'యజమాని అనుభవం,' అని మనసు దానంతటదే రాసింది, 'ఆరువందల పదహారో కిలోమీటరు. కాలిపోతోంది.' మూడు వారాలు. ఆరు బల్బులు. పసిపిల్లని పొత్తిళ్లలో మోసినట్టు మోసిన కిలోమీటర్లన్నీ ఒక్కో సెకనుకి ఇరవై చొప్పున ఆవిరైపోతున్నాయి. కదలకుండా నిలబడితే అబద్ధం నిలుస్తుంది. కదిలితే క్లచ్ నిలుస్తుంది.

అతని కాళ్లు అప్పటికే పరిగెడుతున్నాయి. ముందు ఎడమది.

"ఏమండీ! పరిగెట్టకండి! పడిపోతారు!"

"అదీ! అలా వెళ్లు!" అన్నాడు మామగారు స్తంభంకేసి చూస్తూ.

"దిగండి!" అన్నాడతను తలుపు లాగి. పదకొండేళ్లలో పళ్ల డాక్టరుతో అతను గొంతెత్తడం అదే మొదటిసారి.

"ఒక్క నిమిషమండీ, ఇప్పుడే పట్టు దొరుకుతోంది..."

"దాని పట్టు మీకు దొరకదు. దిగండి!"

కూర్చున్నాడు. హ్యాండ్‌బ్రేక్ లాగాడు. వెనక వెంట్రుకవాసిలో ఇంకో కారు ముక్కు. ముందు నిట్టనిలువు ఏటవాలు. చుట్టూ హారన్లు, ఈల, పొగ. అతని లోపల మాత్రం, ఎప్పుడూ వాగే ఆ మనిషి కుర్చీలోంచి లేచి బయటికెళ్లిపోయాడు. ఎడమ పాదం మెల్లగా లేచింది. ఒక అంగుళం. ఇంకో అర. అక్కడ, ఆ ఒకే ఒక్కచోట, కటుక్కున తగిలింది. పై దవడ, కింది దవడ. హ్యాండ్‌బ్రేక్ వదిలాడు. కారు వేలెడు కూడా వెనక్కి జారలేదు. గెంతలేదు. పైనుంచి ఎవరో చేయి పట్టి లాగినట్టు, ఒక్క ఊపున, నున్నగా, ఎర్రగా, ఎండలోకి లేచింది. కింద ఎవరో చప్పట్లు కొట్టారు. అతని నోట్లోంచి ఒక కేక వచ్చింది. ఆ కేక తనదేనని గుర్తుపట్టడానికి అతనికి కొంత టైము పట్టింది.

వీధిలో ఆపి, దిగి, వాళ్ల కోసం నిలబడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. పరిగెత్తాడు, నడిపాడు, అందరూ చూశారు. ఇంక దాచడానికేముంది? కానీ మొదట పైకొచ్చింది భార్య కాదు, నరాల డాక్టరు. ఏటవాలు మీద వెనక ఆగిన రెండో కారు ఆయనదే.

"చూశారా?" అన్నాడాయన, రొప్పుతూ వెనకే వచ్చిన భార్యతో. "ఆపద వచ్చినప్పుడు నరాలు కాసేపు అద్భుతాలు చేస్తాయి. తర్వాత ఒక్కసారిగా నీరసం. ఇది చాలా మంచి కేసు. ఇల్లు దగ్గరేగా, తప్పదు కాబట్టి మెల్లగా వెళ్లండి. రేపు ఎనిమిదింటికి రండి."

పళ్ల డాక్టరు కుంటుకుంటూ వచ్చి తాళాల కోసం కాదు, నీళ్లసీసా కోసం చేయి చాపాడు. "స్పోర్ట్స్ కారంటే ఇలాగే ఉంటుందాండీ?"

"ఇలాగే ఉంటుందండి."

"నాకొద్దు బాబూ. మీరే ఉంచుకోండి. నా మోకాలు నాకు కావాలి."

అంటే గెలిచాడు. అతనికి నమ్మశక్యం కాలేదు. కొనేవాడు పారిపోయాడు, అబద్ధానికి వైద్యశాస్త్రం సంతకం పెట్టింది, క్లచ్ బతికింది. చేయాల్సింది ఒక్కటే, కాలు అదిమి ఉంచడం. రేపు పరీక్షల్లో ఏమీ తేలదు. పదిరోజుల్లో దానంతటదే నయమైపోతుంది. 'యజమాని అనుభవం,' అని మొదలుపెట్టాడు మనసులో, గాల్లో తేలుతూ. 'మిత్రులారా, ఈ క్లచ్ కొండ మీదికైనా...'

పెద్ద కూడలి. అదే ఎర్ర దీపం. నూట ఇరవై.

అతను క్లచ్ అదిమాడు. పక్కన మామగారు నల్లద్దాల్లో నోరు కట్టుకుని కూర్చున్నాడు. వెనకనుంచి భార్య చేయి వచ్చి అతని భుజం మీద వాలింది.

"స్కూలుకి ఫోన్ చేశాను," అంది. "పదిహేను రోజులు సెలవు పెట్టాను."

ఆమె జ్వరం వచ్చినా సెలవు పెట్టదు. తమ పెళ్లికి మూడు రోజులు పెట్టి, రెండో రోజే వెళ్లిపోయిన మనిషి.

"ఎందుకు?" అన్నాడు.

"ఎందుకేంటి? మీ పక్కనుండాలి కదా." ఆగింది. "ఆ బల్బులప్పుడు... నేను పిచ్చా అని కసిరాను. మీకు ఒంట్లో బాగోలేదని నాకు తట్టలేదు. ఏమీ అనుకోకండి."

నూట మూడు. తొడ బిగిసింది. నూట ఒకటి. కాలు వణకడం మొదలుపెట్టింది. కానీ ఈసారి వణుకు రెండు చోట్ల ఉంది. భుజం మీద ఆమె వేళ్లు కూడా వణుకుతున్నాయి. రెండూ ఒకే లయలో ఉన్నాయని అతను గమనించాడు. మామూలుగా అయితే ఇలాంటి పోలిక దొరికితే అతను రోజంతా దాన్ని తిప్పితిప్పి చూసుకునేవాడు. ఇప్పుడు చూడబుద్ధి కాలేదు. వేలమంది పిల్లల్ని చూపుతో నిలబెట్టిన మనిషి చేయి, క్లచ్‌లోని ఒక ఇనప పళ్లెం కోసం, వణుకుతోంది.

తొంభై. అతను గేరు తీసేశాడు. ఎడమ కాలు ఎత్తి, పక్కన నేల మీద పెట్టాడు.

గలగలగలగల. కారు నిండా మేకులు.

"హమ్మయ్య," అన్నాడు మామగారు, నల్లద్దాలు తీసి నుదుటి మీద పెట్టుకుంటూ. "పొద్దున్నించీ నేను చెప్పేదదే. క్లచ్ మార్చాడమ్మా."

భుజం మీద వణుకు ఆగిపోయింది. చేయి మాత్రం పోలేదు. వేళ్లు బిగిశాయి, కటుక్కున, పూర్తిగా, మధ్యస్థం లేకుండా.

సిగ్నల్ మీద ఇంకా ఎనభై నాలుగు సెకన్లున్నాయి.